నిన్న కట్టిన యింటికి చరిత్ర కలదా?

పాతది యగుటచేతనే ఒక వస్తువు పూజ్యమనియు, క్రొత్తది యగుటచేతనే అది తేలిక యనియు నెంచుట లోకమునకు చిరకాలముగా నున్న యలవాటు. కాళిదాసంతటివాడును మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో ఈ దురభిమానమును ఆక్షేపింపవలసివచ్చెను. కావ్యముల విషయమున ఆ పాఠమును మనము కొంత నేర్చుకొంటిమి. కట్టడముల విషయమున నింకను నేర్చుకొనలేదు. పురాతన దేవాలయపు రాయి నొకదానిని కదలించినచో ఊరెల్ల గగ్గోలు పెట్టును. ఏబది యేండ్లనాటి సభాగృహమును పడగొట్టినచో, దాని స్థలము గజమెంత పలికినదని మాత్రమే యడుగుదురు. కట్టడము విలువను వయస్సును బట్టి నిర్ణయింపవచ్చునా? కానిచో దేనిని బట్టి నిర్ణయింపవలెను?

ఈ ప్రశ్న ఇంగ్లండు దేశమున క్వేకరులను ఒక చిన్న మతసమాజపు నవీన గృహముల విషయమున మిక్కిలి చిక్కైన రూపమున తలయెత్తినది. చిక్కు రెండు విధములు. మొదటిది, ఆ యిండ్లు నిన్న మొన్న కట్టినవి. రెండవది, వానిని కట్టినవారే ‘ఏ స్థలమును ఇతర స్థలములకంటె పవిత్రము కాదు’ అని నమ్మినవారు. కట్టినవారు పూజింపని యింటిని కాపాడుట యెట్లు? కాపాడినచో ఎవరి కొరకు? ఈ విచారమునకు పూనుకొనుటకు ముందు ఆ సమాజమును గూర్చి కొంత చెప్పవలసియున్నది.

క్వేకరులకు వారు పెట్టుకొన్న పేరు స్నేహితుల సమాజము. 1650లో డెర్బీ పట్టణపు న్యాయాధికారి యొకడు, దేవుని వాక్యమునకు వణకుడని చెప్పినందులకు వీరిని పరిహసించి ‘వణకువారు’ అనెను. ఆ యెగతాళి పేరే లోకమున నిలిచినది. సమాజ స్థాపకుడు జార్జి ఫాక్సు (1624–1691). అతడు నేతగాని కుమారుడు, చెప్పులు కుట్టు పని నేర్చినవాడు. ప్రతి మానవుని హృదయమునందును దైవజ్యోతి యొకటి కలదనియు, దానిని గాంచుటకు పురోహితుడు గాని, మంత్రము గాని, విగ్రహము గాని అక్కరలేదనియు నాతని బోధ. ఇంగ్లండులో నేటికిని ఈ సమాజమువారి యారాధనమునందు ముందుగా నేర్పరచిన ప్రార్థన లేదు, పాట లేదు, ప్రసంగము లేదు. అందరును మౌనముగా కూర్చుందురు. ఎవరికైనను, స్త్రీకైనను పురుషునికైనను, అంతఃప్రేరణ కలిగినచో లేచి నాలుగు మాటలు చెప్పి మరల కూర్చుందురు. ఒకప్పుడు గంట సేపును ఎవరును పలుకకపోవచ్చును. తుదకు పెద్ద లిరువురు కరచాలనము చేసికొందురు. దానితో ఆరాధనము ముగియును.

ఇట్టివారికి గుడితో పని యేమి? 1652లో ఉత్తరదేశమున ఫర్‌బ్యాంకు కొండపై నొక ప్రార్థనాలయముండగా, ఫాక్సు దానిలో ప్రవేశింపక వెలుపల నొక బండ నెక్కి బోధించెను. వినవచ్చినవారు వేయిమందికి పైబడి యుండిరని ఆతడు వ్రాసికొనెను. లోపలికి రాడేమని కొందరాశ్చర్యపడగా, ఆ యింటికంటె ఈ కొండ తక్కువ పవిత్రము కాదని సమాధానమిచ్చెను. అతని దృష్టిలో చర్చి యనగా మనుష్యుల కూటమి, రాతికట్టడము కాదు. రాతికట్టడమును ఆతడు ‘శిఖరపుటిల్లు’ అని మాత్రమే పిలిచెడివాడు. కాని ఇంగ్లండు చలిదేశము. వాన యెడతెగక కురియును. కూటము పెద్దదైన కొలది తలదాచుకొనుటకు ఇల్లొకటి కావలసివచ్చెను. దానికి వారు గుడియని గాని మందిరమని గాని పేరు పెట్టలేదు. కూడుకొను చోటు గనుక సమావేశగృహ మనిరి.

ఆ యిండ్ల చరిత్రలో 1670 మరువరాని సంవత్సరము. 1664నాటి శాసనము రాజ్యమతమునకు వెలుపల, ఇంటివారు గాక ఐదుగురికంటె నెక్కువమంది యారాధనకై కూడరాదని విధించియుండెను. 1670లో దానిని మరల కఠినతరము గావించిరి. ఆ యేడే హెర్ట్‌ఫర్డు పట్టణమున క్వేకరులు ఒక సమావేశగృహమును కట్టిరి. ఆరాధన కొరకే కట్టబడి నాటినుండి నేటివరకు ఆ పనికే వినియోగపడుచున్న క్వేకరు గృహములలో అదియే మిక్కిలి పురాతనము. ఆ యేడే లండనులో గ్రేసుచర్చి వీథిలోని గృహమునకు తాళము వేసి సైనికులు కావలి యుండగా, విలియము పెన్ను వీథిలోనే నిలిచి బోధించి చెరసాల పాలయ్యెను. అతనిని దోషియని చెప్పుటకు జ్యూరీ యొప్పుకొనలేదు. వారిని అన్నపానములు లేక నిర్బంధించినను లొంగలేదు. న్యాయాధికారి కోరిన తీర్పు నీయనందులకు జ్యూరీని దండింపరాదను నియమము ఇంగ్లండున స్థిరపడినది ఆ వ్యాజ్యెము నుండియే.

ఆ యేడే థేమ్సునదికి దక్షిణమున హార్సిలీడౌనునందలి గృహమును పడగొట్టవలసినదని రాజాజ్ఞ వెలువడెను. ఆ యాజ్ఞను నెరవేర్పవలసినవాడు రాజకీయ కట్టడముల సర్వేయరు క్రిస్టఫరు రెన్ను. సెంటు పాలు మహాలయమును నిర్మించి కీర్తి గాంచినవాడు. ఇల్లు కూలెను. మరునాటి యారాధనమునకు క్వేకరులు వచ్చి, ఆ కూలిన కలపయు ఇటుకలయు నడుమనే కూర్చుండిరి. సైనికులు కొట్టి చెదరగొట్టినను మరల వచ్చిరి. ఇల్లు పోయినను సమావేశము పోలేదు. క్వేకరు గృహము విలువను తూచువారు ఈ యొక్క దృశ్యమును కనుల యెదుట నుంచుకొనవలెనని మా యభిప్రాయము. ఇల్లు లేకున్నను నిలువగలవారికే ఇల్లు కట్టుకొను యోగ్యత కలదు.

1689లో మతసహన శాసనము వచ్చెను. దానికి పూర్వము 1675లో కట్టిన బ్రిగ్‌ఫ్లాట్సు గృహమును, 1688లో కట్టిన జోర్డన్సు గృహమును నేటికిని చూడవచ్చును. చూచినవాడు ఇది పల్లెటూరి రైతు ఇల్లనుకొనును. సున్నపు గోడలు, తిన్నని కిటికీలు, మోటు కఱ్ఱబల్లలు. శిలువ లేదు, గంట లేదు, రంగుటద్దము లేదు. జోర్డన్సు గృహపు ఆవరణమున విలియము పెన్ను సమాధి కలదు. ఆ గృహము 2005లో అగ్నిప్రమాదమున దెబ్బతినగా మరల బాగుచేసిరి.

ఈ పాత యిండ్లను శ్రద్ధతో చూచినచో ఆ సమాజపు చరిత్ర గోడలమీదనే కనబడును. గది యొక ప్రక్కను మెట్లవలె నెత్తైన యాసనము లుండెడివి. బోధనశక్తి కలవారని సమాజము గుర్తించి పేరు వ్రాసికొన్న స్త్రీపురుషులు అచట కూర్చుండెడివారు. తక్కినవారు వారికభిముఖముగా కూర్చుండెడివారు. పురోహితులు లేరనిన సమాజమున గూడ కొంచె మెత్తైన పీట యేర్పడెను! మరియొకటి చూడుడు. చాల యిండ్లలో గదిని రెండుగా చేయు కదలెడు కఱ్ఱతలుపు లుండెడివి. ఆరాధన కాలమున వానిని పైకెత్తుదురు. స్త్రీలును పురుషులును ఒకే మౌనమున కూర్చుందురు. ఆరాధనము ముగిసి సమాజపు వ్యవహారములు చర్చకు రాగానే తలుపులు దించుదురు. స్త్రీల సభ యొకవైపు, పురుషుల సభ యొకవైపు. స్త్రీలకు బోధించు హక్కు కలదని మార్గరెట్టు ఫెల్లు 1666లోనే గ్రంథము వ్రాసెను. సమాజము దానిని ఆచరించెను. ఐనను ధనము, నియమములు, అధికారము అను విషయములు రాగానే నడుమ తలుపు దిగెను. సంస్కారము నోటితో పలికినంత త్వరగా ఇంటిలో ప్రవేశింపదనుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము మాకు దొరకలేదు. మన యిండ్లలోని తలుపులను గూర్చి పాఠకులు తమంత తామే యాలోచించుకొందురుగాక.

ఆ తలుపులు శాశ్వతముగా నుండలేదు. స్త్రీలకు వేరుగా జరుగుచుండిన వార్షికసభ 1907లో ముగిసినది. బోధకులని కొందరి పేళ్లు వేరుగా వ్రాసికొను పద్ధతిని 1924లో లండను వార్షికసభ మానివేసినది. అనగా, ఇరువదవ శతాబ్దము మొదటి పాదమున ఆ సమాజము తన మూలసూత్రమును తన యింటిలో పూర్తిగా అమలు జరుపుకొన్నది. ఆ తరువాత క్రొత్తగా ఏర్పరచిన గదులలో ఎత్తైన పీటతో పనిలేకపోయెను, నడుమ తలుపుతో పనిలేకపోయెను. నాలుగు వైపులను ఆసనములు, మధ్యమున ఒక బల్ల. ఎవరును ఎవరికి ముందు లేరు, వెనుక లేరు. ఆ గదిలోనే సమాజపు వ్యవహారములును జరుగును. ఓట్లు లెక్కపెట్టరు, అందరి మనస్సు లేకముఖమగువరకు ఓపికపట్టి, లేఖకుడు బల్లయొద్ద తీర్మానమును అక్కడికక్కడే వ్రాసి చదువును.

ఇట్టి నవీన గృహములు పలు విధములు. శివారులలోని పాత నివాసగృహములను కొని సమావేశమునకు తగినట్లు మార్చుకొన్నవి కొన్ని. కొద్ది సొమ్ముతో ఇటుకతో కట్టుకొన్న సామాన్యపు సావడులు కొన్ని. ప్రసిద్ధములైన వానిలో రెండింటిని మాత్రము చెప్పెదము. మొదటిది లండను యూస్టను రోడ్డుననున్న ఫ్రెండ్సు హౌసు. హ్యూబర్టు లిడ్‌బెట్టరను వాస్తుశిల్పి దీనిని నిర్మింపగా 1927లో తెరచిరి. ఆ యేడు లండనులో లేచిన కట్టడములలో శ్రేష్ఠమని వాస్తుశిల్పుల సంస్థవారు దీనికి పతక మిచ్చిరి. రెండవది అదే నగరమున బ్లాక్‌హీతు నందలి చిన్న గృహము. ట్రెవరు డానట్టు (1920–2021) దీని రూపకర్త, 1972లో పూర్తియయ్యెను. పల్లమునకు దిగు వాలునేలలో కాంక్రీటుతో కట్టిన యిల్లిది. ముఖ్యమైన గది చతురస్రము, మూలలు మాత్రము కోసినట్లుండును; నడిమి కప్పునందలి అద్దపు గోపురము నుండి వెలుగు దిగును. నేడు ఈ రెండును ప్రభుత్వపు రక్షితకట్టడముల పట్టికలో చేర్పబడియున్నవి.

ఆ పట్టిక యేమో చెప్పవలెను. కట్టడములకు పట్టిక వ్రాసి కాపాడు పద్ధతి ఇంగ్లండున 1947నాటి నగర గ్రామ నిర్మాణ శాసనముతో దేశమంతటను స్థిరపడినది. ఇప్పుడు దానికాధారము 1990నాటి శాసనము. వాస్తువు చేతగాని చరిత్రచేతగాని విశేషమైన ఆసక్తి కలిగించు కట్టడమునే పట్టికలో చేర్తురు. సాధారణముగా దానికి ముప్పది యేండ్లైన నిండియుండవలెను. చేర్చిన పిమ్మట అనుమతి లేక దాని స్వరూపమును మార్చుట నేరము. ఇక విలువ నెంచుటకు 2008లో ఇంగ్లీషు హెరిటేజి సంస్థవారు నాలుగు తూనికరాళ్లను చూపిరి: గతమును గూర్చి సాక్ష్యమిచ్చు విలువ, చారిత్రకమైన విలువ, సౌందర్యమునకు సంబంధించిన విలువ, జనసమూహమునకు సంబంధించిన విలువ. 2014 మొదలు కొన్ని యేండ్లు క్వేకరులును ప్రభుత్వ పరిరక్షణ సంస్థయు కలిసి బ్రిటనునందలి 300కు మించిన సమావేశగృహములను పరిశోధింపించి, ఒక్కొక్క యింటికి ఈ నాలుగు విలువలును ఎంతెంత గలవో వ్రాయించిరి. ఒక మతసమాజము తన యాస్తిని తానే తూకమునకు పెట్టుకొనుట మెచ్చదగిన పని.

అట్టి నివేదికలలో నవీన గృహములకు సాక్ష్యవిలువ అల్పమని వ్రాయుట పరిపాటి. దీనికి కారణము లేకపోలేదు. నేల క్రింద పూర్వపు పునాదులుండవు, గోడలలో పలు కాలముల మార్పు లుండవు. త్రవ్వి తెలిసికొనవలసినది తక్కువ. ఈ నిర్ణయమును మేము గౌరవింతుము గాని, దీనితోనే తృప్తిపడజాలము. పాత యింటిలో ఉన్నది సాక్ష్యమైనచో, క్రొత్త యింటిలో లేనిది సాక్ష్యము కాదా? ఎత్తైన పీట లేదు. దించు తలుపు లేదు. రెండువందల యేండ్లు నిలిచిన రెండు భేదములు తొలగెననుటకు ఆ లేమియే ఋజువు. బ్రిగ్‌ఫ్లాట్సును చూచి పిమ్మట బ్లాక్‌హీతును చూచినవానికే ఇది తెలియును. ఒక్కటే చూచినవానికి ఒకటి పాత యిల్లుగను, మరియొకటి వట్టి కాంక్రీటు గదిగను తోచును. కాబట్టి నవీనగృహపు సాక్ష్యము పురాతనగృహముతో జతగా చదువవలసినది. ఈ జతలో నొకదానిని కాపాడి మరియొకదానిని పోగొట్టుట, వ్యాజ్యెమును దాచి తీర్పును చింపివేసినట్లగును.

చారిత్రక విలువకును వయస్సు చాలదు. 1931 సెప్టెంబరు 12న మహాత్మాగాంధి రౌండుటేబులు సభకై లండను చేరినప్పుడు ఆయనకు స్వాగత మిచ్చినది ఫ్రెండ్సు హౌసు నందే. లారెన్సు హౌస్‌మను అధ్యక్షత వహించెను. ఆ కట్టడమునకప్పటికి నాలుగేండ్లు. ఉప్పు సత్యాగ్రహమున ఆంధ్రదేశపు తీరమున లాఠీదెబ్బలు తిన్నవారి గాయములు మాని యెంతో కాలము కాలేదు. అట్టి తరుణమున ఇంగ్లండు రాజధానిలో భారతీయుల ప్రతినిధికి తలుపు తీసిన యింటిని నాలుగేండ్ల పసికూనయని తీసివేయుదుమా? ఆ నెల తరువాతి నెలలోనే ఆయన బర్మింగ్‌హామున వుడ్‌బ్రూకను క్వేకరు విద్యాలయమునకును పోయివచ్చెను. 1947లో నోబెలు శాంతి బహుమానమును రెండు క్వేకరు సేవాసంస్థలు పంచుకొనగా, అందు లండను సంస్థ కార్యస్థానము ఈ ఫ్రెండ్సు హౌసే. చరిత్ర గోడల వయస్సు నడిగి లోపలికి రాదు.

సౌందర్యమునకు వత్తము. కాంక్రీటు కనులకు కఠినమని చాలమంది ఫిర్యాదు. మేమును ఆ కట్టడములను ప్రేమించుట సులభమని చెప్పము. కాని క్వేకరుల యింట అలంకారమును వెదకుట ఎడారిలో తామరలను వెదకుట. వారి వాస్తువునకు మూడు పరికరములే: కొలత, వెలుగు, నిశ్శబ్దము. బ్లాక్‌హీతు గదిలో వెలుగు పైనుండి వచ్చునట్లు చేయుట శిల్పి తెలిసి చేసిన పని. ప్రక్క కిటికీ చూపును వీథికి లాగును. పైనున్న కిటికీ చూపును విడిచిపెట్టి మనస్సును పట్టును. అమెరికాలో క్వేకరు కుటుంబమున పెరిగిన కళాకారుడు జేమ్సు టరెలు హ్యూస్టను నగరమునందును, ఫిలడెల్ఫియాలోని చెస్ట్‌నట్టుహిల్లు నందును సమావేశగృహముల కప్పున ఆకాశము కానవచ్చునట్లు తెరపులు కల్పించెను. అంతర్జ్యోతిని నమ్మినవారి యింటికి వెలుగే విగ్రహమని వారు చెప్పరు, చెప్పినను ఒప్పుకొనరు. కాని మట్టియు సిమెంటును ఆ నమ్మకమునకు ఎంతవరకు తోడుపడగలవో అంతవరకు తోడుపడినవి. సున్నపుగోడల జోర్డన్సునకును కాంక్రీటు బ్లాక్‌హీతునకును వస్తువు వేరు, వినయ మొక్కటే.

ఇక జనసమూహపు విలువ. ఇదియే అన్నిటికంటె గొప్పదని నివేదికలును పలుచోట్ల నొప్పుకొనుచున్నవి. ఆదివారమున మౌనారాధనము జరుగు గదులే తక్కిన దినములలో ఊరివారి సభలకును సంగీతాభ్యాసమునకును పిల్లల పాఠములకును తెరచియుండుట అనేక సమావేశగృహములలో కానవచ్చును. స్థలము పవిత్రము కానందున ఎవరు వచ్చినను మైలపడదు! పవిత్రతను కాదనుటవలన కలిగిన యీ లాభమును మన దేశమున గర్భగుడికి గుమ్మము దాటనీయబడనివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతవరకు మేము నవీనగృహముల పక్షమున వాదించితిమి. ఎదుటి పక్షమును వినకుండుట న్యాయము కాదు. ఆ పక్షమును గట్టిగా చెప్పువారు క్వేకరులలోనే కలరు. వారి వాదమిది: సమాజము చిన్నది, పలుచోట్ల సభ్యులు వృద్ధులు. పట్టికలో చేరిన యింటికి కిటికీ మార్చవలెనన్నను అనుమతి కావలెను. ఇంగ్లండు చర్చి, రోమను కథోలికులు, మెథడిస్టులు మొదలగు కొన్ని శాఖలకు తమ యాలయముల మార్పులను తామే విచారించుకొను వెసులుబాటు చట్టమున కలదు, క్వేకరులకు లేదు. పైగా 2011లో కాంటర్‌బరీ వార్షికసభయందు ఈ సమాజము భూమిని వేడెక్కించు వాయువులను తగ్గించి జీవింతుమని ప్రతిజ్ఞ చేసినది. ఆ కాలపు కాంక్రీటు గోడలును పలుచని యద్దములును వెచ్చదనమును నిలుపవు. ఇంటిని ఉన్నదున్నట్లుంచవలెనన్న మాట తప్పవలెను. మాట నిలుపవలెనన్న ఇంటిని మార్చవలెను. ఆకలిగొన్నవారికి పోవలసిన సొమ్ము కప్పు మరమ్మతునకు పోవుచున్నదే! హార్సిలీడౌను శిథిలములపై కూర్చున్నవారి మనుమలు గోడలకు దాసులగుట తగునా?

ఈ వాదమున బలము కలదు. దీనికి ఇల్లే గొప్పదని బదులు చెప్పినచో మనము ఫాక్సునకు ద్రోహము చేసినవారమగుదుము. కాని ఇంటితో పనియే లేదనుటయు సత్యము కాదు. పైని చెప్పిన చరిత్రను మరల చూడుడు. ముందు మనుష్యులు మారిరి. ఆ తరువాత గోడలు మారినవి. స్త్రీలును పురుషులును ఒక సభగా కూడినది తలుపు తీసివేసినందువలన కాదు. వారు కూడిరి గనుక తలుపు పనికిరానిదయ్యెను. కాని ఆ మార్పును చేసినవారు గతించిరి. తరువాత పుట్టిన బాలిక ఆ వాదముల నెరుగదు, 1907 నెరుగదు. ఆమె యెరిగినది తాను కూర్చున్న గది మాత్రమే. ఆ గదిలో ఎత్తైన చోటు లేదు గనుక ఎవరో తనకంటె నెత్తైనవారని ఆమెకు తోచదు. గోడలు మార్పునకు కారణములు కావు. మార్పును మరవనీయని కాపరులు. సంస్కారము ఒకసారి చేసినంత మాత్రమున నిలుచునది కాదని అనుభవము గలవారందరును ఎరుగుదురు. ప్రతి తరమును దానిని జారవిడుచుటకు సిద్ధముగా నుండును. కావున కాపరులను కాపాడుకొనుట దాస్యము కాదు, జాగరూకత.

అట్లయిన దేనిని కాపాడవలెను, దేనిని విడువవలెను? మాకు తోచిన కొలత యిది. మొదట, ఆ గది రూపమును ఆ సమాజపు నమ్మకమును ఒకటియేనా, లేక ఎవరికొరకో కట్టినదానిలో వీరు చేరిరా యని చూడవలెను. రెండవది, ఆ గోడల నడుమ నడచిన జీవితము మరియొక చోట కానరానిదా యని చూడవలెను. మూడవది, ఆ యిల్లు తనను వాడుకొనువారితోగూడ మారగలదా యని చూడవలెను. ఈ మూడింటికిని ఔననిన ఇంటిని ఎంత శ్రమకైనను ఓర్చి నిలుపవలెను. మూడింటికిని కాదనిన, దానిని అమ్మి ఆ సొమ్మును సేవకు వినియోగించుటలో దోషము లేదు. శివారులోని సామాన్యపు సావడిని పోగొట్టుకొన్నందున క్వేకరు ధర్మము పోదు. నవీనమైనదెల్ల గొప్పదనుటయు పాతదెల్ల గొప్పదనుటవంటి దురభిమానమే.

మూడవ ప్రశ్నకు ఫ్రెండ్సు హౌసే ఉదాహరణము. 2014లో దాని మహాసభాశాలను మార్చి, కప్పున ఆకాశపు వెలుగు దిగునట్లు పెద్ద తెరపు కల్పించి, దానికి ‘వెలుగు’ అని యర్థమిచ్చు పేరు పెట్టిరి. పట్టికలో నున్న కట్టడమే. ఐనను మార్పున కనుమతి దొరకినది. 1927నాటి శాల చెక్కుచెదరక యుండవలసినదని దుఃఖించువా రుండవచ్చును. మేము వారితో ఏకీభవింపము. ఆ మార్పు ఇంటిని వేరుపనికి మళ్లింపలేదు. ఇంటివారు దేనిని నమ్ముదురో దానిని ఇంటికి మరింత దగ్గర చేసినది. రక్షణ యనగా గడియారమును ఆపివేయుట కాదు. బ్లాక్‌హీతు వంటి గృహములకును ఇదే దారి కావలెను: గది ఆకారమును, పైనుండి దిగు వెలుగును, సమానమైన యాసనముల వరుసను తాకరాదు, చలిని ఆపు పొరలు వేయుటకును, వృద్ధులు ఎక్కిదిగుట కనుకూలముగా మెట్లు సవరించుటకును అధికారులు ఉదారముగా ననుమతింపవలెను. ఇంటిని నిలిపి యింటివారిని వెళ్లగొట్టు రక్షణము శవమునకు చేసిన అలంకారము వంటిది.

ఈ విచారము మనకు దూరమైనది కాదు. విగ్రహము లేని ప్రార్థనాశాలలును, కులభేదము పాటింపని భోజనశాలలును, సంస్కర్తలు సభలు జరిపిన పెంకుటిండ్లును మన పట్టణములలోను కలవు. వానికి శిల్పము లేదు, స్థలపురాణము లేదు. కావుననే అవి యెవరి కంటను పడవు. వానిని పూజింపుమని మేము చెప్పము. వానిని కట్టినవారే అందుల కొప్పుకొనరు. గునపమునకు ముందు ఒక్కమారు లోపలికి పోయి, ఎవరెవరు ఏ వరుసను కూర్చుండిరో, ఏ తలుపు అచట లేదో చూచి రండని మాత్రము చెప్పుదుము.

బ్లాక్‌హీతు గదిలో ఆసనములు వేసియుండును. మధ్యమున బల్ల. పైనుండి వెలుగు. ఎవరును రాకున్నచో అది కాంక్రీటు పెట్టె. ఒక్కరొక్కరుగా వచ్చి, ఎవరి కెవరును ముందుగా గాక కూర్చుండి మౌనము వహించిన నిమిషమున, 1670లో రెన్నుకు చిక్కని ఆ రెండవ యిల్లు మరల నిలుచును. పట్టిక వ్రాయువారు మొదటి యింటిని కొలుతురుగాక. కొలుచునప్పుడు రెండవ యింటికి చోటు మిగిల్చిన చాలును.